తుపాకీ ఇచ్చిన రసీదు: ఒక ఆశ్రయ దరఖాస్తు కేస్ స్టడీ

అమెరికా వలస కోర్టుల్లో ఆశ్రయం కోరేవారి తరఫున వాదించడం నా వృత్తి. ఈ కేసు నా చేతికి వచ్చి చాలా ఏళ్లయింది. కక్షిదారు అనుమతితోనే రాస్తున్నాను. పేరు, వంశం, ఊరు, నడిపిన దారి, కోర్టు ఉన్న నగరం తీసేశాను. కేసుకు అవసరం లేని వివరాలు కొన్ని మార్చాను కూడా. ఆయన్ను ఇక్కడ డ్రైవరు అనే పిలుస్తాను, ఎందుకంటే ఆయన వృత్తే ఆయన కేసు.

గెలిచిన కేసు కదా అని రాయడం లేదు. మొదటి ఏడాదంతా నేను తప్పు వాదన వినిపించాను. ఆ తప్పు ఎక్కడ మొదలైందో తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే, ఒకే ఒక్క మాట దగ్గర తేలింది.

నేపథ్యం

డ్రైవరుది దక్షిణ సోమాలియా. కుర్రవాడిగా లారీ క్లీనరుగా చేరి, ఇరవై దాటేసరికి స్టీరింగు పట్టారు. లారీ ఒకరిది, సరుకు మరొకరిది, ప్రాణం మాత్రం ఆయనది. పంచదార, బియ్యం, వంటనూనె, సిమెంటు, కొన్నిసార్లు సహాయ సంస్థలు పంపే ధాన్యం తోలేవారు.

2011 ఆగస్టులో సాయుధ ఇస్లామిస్టు సంస్థ అల్-షబాబ్ రాజధాని మొగదిషు నుంచి వెనక్కి తగ్గింది. 2012లో బైదోవా, ఆ తర్వాత కిస్మాయో రేవు దాని చేజారాయి. పత్రికలకు అది ఓటమి. లారీ నడిపేవాడికి మాత్రం పెద్దగా ఏమీ మారలేదు. పట్టణాల్లోకి ప్రభుత్వ సేనలు, ఆఫ్రికన్ యూనియన్ సేనలు వచ్చాయి కానీ, పట్టణాన్ని పట్టణాన్ని కలిపే రోడ్లు చాలాచోట్ల పాత చేతుల్లోనే ఉండిపోయాయి. రోడ్డుపై వేసే అడ్డును సోమాలీలో ‘ఇస్బారో’ అంటారు. అక్కడ లారీ ఆపి, బండి రకాన్నీ సరుకునూ బట్టి లెక్క కట్టి, డబ్బు తీసుకుని, రసీదు రాసిస్తారు. తర్వాతి అడ్డు దగ్గర ఆ రసీదు చూపిస్తే మళ్లీ అడగరు.

ఇక అమెరికా చట్టం. ఉగ్రవాద సంస్థకు ‘మెటీరియల్ సపోర్ట్’, అంటే ఏదో ఒక రూపంలో తోడ్పాటు, ఇచ్చినవారికి ఆశ్రయం లేదు. 2001 పేట్రియాట్ చట్టం, 2005 రియల్ ఐడీ చట్టం ఈ వలను బాగా వెడల్పు చేశాయి. అల్-షబాబ్‌ను 2008లో అమెరికా విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. ఈ వలలో ఎవరెవరు పడ్డారో చెప్పాలంటే ఒక్క ఉదాహరణ చాలు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌తో సంబంధం ఉన్నందుకు నెల్సన్ మండేలాకు సైతం అమెరికా రావాలంటే ప్రత్యేక అనుమతి కావలసి వచ్చేది. 2008లో విడిగా ఒక చట్టం చేస్తే తప్ప ఆ చిక్కు వీడలేదు. మండేలా కోసం చట్టం చేస్తారు. లారీ డ్రైవరు కోసం ఎవరు చేస్తారు?

సమస్య నా ముందుకు వచ్చిన తీరు

ఒకసారి డ్రైవరు ఆఫ్రికన్ యూనియన్ స్థావరానికి సిమెంటు దింపి వచ్చారు. వారం తిరక్కుండా గూఢచారి అన్న ముద్ర పడింది. అల్-షబాబ్ వాళ్లు క్లీనరును కాల్చి చంపారు. తమకోసం ఒక ‘బరువు’ చేరవేస్తే తప్పు కాస్తామని డ్రైవరుకు కబురు పెట్టారు. ఆయన ఆ రాత్రే సరిహద్దు దాటి కెన్యా చేరారు. భార్యాబిడ్డలు అక్కడే ఉండిపోగా, ఆయన బ్రెజిల్ వెళ్లి, కొలంబియా, పనామాల మధ్య ఉన్న డారియన్ అడవి దాటి, మెక్సికో మీదుగా అమెరికా సరిహద్దు ద్వారం దగ్గర తనంతట తానే అధికారుల ముందు నిలబడ్డారు.

నిర్బంధ కేంద్రంలో ఆయనకు జరిగిన తొలి ఇంటర్వ్యూ ఫోనులో దుబాసీతో సాగింది. తిరిగి పంపితే ప్రమాదం ఉందన్న భయం నమ్మదగినదా కాదా తేల్చేది ఆ ఇంటర్వ్యూయే. అధికారి నమ్మారు, కేసు కోర్టుకు వెళ్లింది, డ్రైవరు పరోల్‌పై విడుదలయ్యారు. అయితే ఆ నోట్సులో ఒక వాక్యం మిగిలిపోయింది: దరఖాస్తుదారు అల్-షబాబ్‌కు క్రమం తప్పకుండా విరాళాలు ఇచ్చేవారు.

విరాళాలు! మొదటిసారి చదివినప్పుడు నేనూ ఆ మాట మీదుగా దాటిపోయాను. డబ్బు ఇచ్చారన్నది నిజమే కదా, పేరేదైతేనేం అనుకున్నాను.

మొదటి నిర్ణయం: చెప్పాలా, దాచాలా

నిర్బంధ కేంద్రంలో తోటివాళ్లు ఆయనకు ఒక సలహా ఇచ్చారు: డబ్బు సంగతి ఇక ఎత్తవద్దు. ఆయన నన్ను అడిగింది కూడా అదే. “కోర్టు అడిగితే చెబుతాను. అడగకపోతే?”

ఇక్కడ నాకు సందేహం రాలేదు. నోట్సులో ఉన్నది ఎలాగూ ప్రభుత్వ న్యాయవాది చేతికి చేరుతుంది. దాచినట్టు తేలితే మిగతా కథ మీద కూడా నమ్మకం పోతుంది. మరో కారణం ఆయనకు అప్పటికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఈ నిషేధం నుంచి బయటపడే ఒకే ఒక సందు మినహాయింపు. 2007 నుంచి హోంల్యాండ్ భద్రతా శాఖ, బలవంతం మీద తోడ్పాటు ఇచ్చినవారికి తన విచక్షణతో మినహాయింపు ఇస్తోంది. అన్నీ దాచకుండా చెప్పడం దానికి మొదటి షరతు. అంటే, ఇవాళ దాచింది రేపటి తలుపును మూసేస్తుంది.

చెప్పాలన్న నిర్ణయం సరైనదే. చెప్పిన తీరే తప్పు. ప్రమాణ పత్రంలో నేను ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను: “ప్రాణభయంతో అల్-షబాబ్‌కు పన్ను చెల్లించాను.” పని తొందరలో ఉన్న వకీలు రాసే వాక్యం అది.

ప్రయత్నించి ఓడినవి

మొదటి వాదన సొమ్ము పరిమాణం గురించి. ఒక్కో రసీదు మీద ఉన్నది చిన్న సొమ్ము. అంత స్వల్పమైనదాన్ని ‘తోడ్పాటు’ అనగలమా అని వాదించాను. ఈ వాదనకు అప్పట్లో కొంత ఊపిరి ఉండేది. 2018 జూన్‌లో అదీ పోయింది. ఎల్ సాల్వడార్ గెరిల్లాలు అపహరించి, చంపుతామని బెదిరించి వంట చేయించి, బట్టలు ఉతికించిన ఒక మహిళ కేసులో వలస అప్పీళ్ల బోర్డు, తోడ్పాటుకు కనీస పరిమాణం అంటూ ఏదీ లేదని తేల్చింది. వంటా ఉతుకూ తోడ్పాటే అయినప్పుడు మా రసీదుల గురించి వేరే చెప్పాలా? సోమాలియాతో సహా కొన్ని దేశాల వారిపై ప్రయాణ నిషేధాన్ని సుప్రీంకోర్టు సమర్థించిందీ ఆ జూన్‌లోనే. ఆ నెలంతా మా ఆఫీసులో ఫోను మోగితే ఎత్తాలంటే భయం వేసేది.

రెండోది బలవంతం. తుపాకీ చూపించి తీసుకున్నది తోడ్పాటు ఎలా అవుతుంది? ఎవరికైనా మొదట తట్టేది ఇదే. కానీ కొలంబియాలో ఫార్క్ అనే గెరిల్లా సంస్థకు సరుకులు ఇవ్వక తప్పని ఒక మహిళ కేసులో బోర్డు 2016లోనే ఆ దారి మూసింది. నిషేధంలో బలవంతానికి వెసులుబాటు లేదు, ఆ సంగతి చూడవలసింది మినహాయింపు ఇచ్చే శాఖే అంది. ముందుముందు పై కోర్టుల్లో ఏమైనా మారవచ్చని ఈ వాదనను నమోదు మాత్రం చేసి వదిలేశాను.

మూడోది నేను కాస్త గర్వపడిన వాదన. డబ్బు యజమానిది, డ్రైవరు చేతి మీదుగా వెళ్లింది అంతే అన్నాను. న్యాయమూర్తి కళ్లద్దాలు తీసి, “మరి ఇచ్చిన చెయ్యి ఎవరిది?” అని అడిగారు. అక్కడితో అది ముగిసింది.

అసలు దెబ్బ క్రాస్ ఎగ్జామినేషన్‌లో తగిలింది. అడ్డు దగ్గర ఆగినప్పుడు భయపడేవారా అని ప్రభుత్వ న్యాయవాది అడిగారు. డ్రైవరు ఒక్క క్షణం ఆలోచించి, “రోజూ ఆగేదే కదా, భయం ఏముంటుంది?” అన్నారు. ప్రభుత్వ సేనల అడ్డులు కూడా ఉండేవా? ఉండేవి. రెంటిలో ఏది నయం? “అల్-షబాబ్ వాళ్లు ఒక్కసారే తీసుకుంటారు, రసీదు ఇస్తారు. సైనికులు ప్రతి అడ్డులోనూ తీసుకుంటారు, రసీదు ఇవ్వరు.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోడ్ల గురించి పరిశోధించినవారు రాసిందీ అదే. కోర్టులో మాత్రం అది ఉగ్రవాదులకు ఇచ్చిన యోగ్యతాపత్రంలా వినిపించింది. సమయం చాలక విచారణ వాయిదా పడింది. ఆ వాయిదా మాకు కలిసి వచ్చిన అదృష్టం.

తప్పు ఎక్కడుందో తెలిసిన రోజు

ఆ రాత్రి నా ప్రమాణ పత్రాన్ని మళ్లీ చదివాను. ‘ప్రాణభయంతో’ అన్న మాట ఆయనది కాదు, నాది. ఆయన జీవితంలో భయం అన్నది ఒక సంఘటన కాదు, అది రోడ్డులాంటిది. రోజూ దాని మీదే నడిచేవాడు దాన్ని విడిగా చూడడు. బలవంతం చేసేవాడికి అలవాటు కుదిరాక తుపాకీ చూపించే పని ఉండదు. ధరల పట్టీ, ముద్ర, రసీదు పుస్తకం చాలు. ఇది కాగితాల మీదికి వచ్చేసరికి, చూసినవారికి ఇష్టపూర్వకమైన లావాదేవీలా కనిపిస్తుంది. నేను చేయవలసిన పని ‘భయం’ అన్న మాటను పదిసార్లు రాయడం కాదు. ఆ మామూలు మాటల వెనక ఏముందో ఆయన నోటితోనే చెప్పించాలి.

మరో సోమాలీ దుబాసీని పెట్టుకుని, మొదటి నుంచి మొదలుపెట్టాం. తొలి ఇంటర్వ్యూలో మీరు వాడిన మాట ఏమిటి? జకాత్ అన్నానని చెప్పారు. ఫోనులోని దుబాసీకి అది మతపరమైన దానధర్మం. అందుకే విరాళం అయింది. కానీ ఆ సంస్థ నోట జకాత్ అంటే లెక్క కట్టి వసూలు చేసేది. సోమాలీలో రోడ్డు మీద గుంజుకునే సొమ్ముకు ‘బాద్’ అన్న మాట విడిగా ఉంది. మన చెవికి ‘బాధ’లా వినిపిస్తుంది, అర్థం కూడా ఎంతో దూరం పోదు. మరి ఆ మాట ఎందుకు వాడలేదు? ఆయన విచిత్రంగా చూశారు. “వాళ్ల ముందు ఆ మాట అంటే చంపేస్తారు. జకాత్ అనే అనాలి. అలా అని అనీ అదే అలవాటైంది.” తెలుగులో ‘మామూలు’ అనే మాట పుట్టుక గురించి ఆలోచిస్తే ఇది నాకు మొదటి రోజే అర్థం కావలసింది. గుంజుకునేవాడు పెట్టిన పేరునే ఇచ్చేవాడూ వాడతాడు.

రసీదులు

మొదట్లో రసీదుల గురించి ఆయన చెప్పినప్పుడు, వాటిని కోర్టుకు ఇవ్వాలన్న ఆలోచనే నాకు నచ్చలేదు. మన నేరానికి మనమే సాక్ష్యం తెచ్చినట్టు ఉంటుందనుకున్నాను. ఇప్పుడు లెక్క మారింది. చెల్లించారన్నది ఎలాగూ ఒప్పుకున్నాం. మిగిలింది ఎలా చెల్లించారన్న ప్రశ్న. యజమాని లెక్కల కోసం రసీదులను తీగకు గుచ్చి దాచేవాడట. బంధువొకరు ఫోనులో ఫొటోలు తీసి పంపారు. పలచటి కాగితం, పైన అచ్చు, కింద చేత్తో రాసిన బండి నంబరు, సరుకు, సొమ్ము, మూలన అలుక్కుపోయిన ముద్ర. మొత్తం పదకొండు.

వాటిని తేదీల వారీగా బల్ల మీద పరిచాం. ఒకటి మిగతావాటితో కలవలేదు. అదే దారి, అదే సరుకు, సొమ్ము మాత్రం రెట్టింపు. ధర పెరిగిందా అని అడిగాను. ఆయన సిగ్గుపడుతున్నట్టు నవ్వారు.

“కాదు. అది నా తెలివితక్కువ పని.”

అడ్డు తప్పించుకోవాలని ఒక రాత్రి ముళ్లపొదల మధ్య పక్కదారి పట్టారట. చక్రం ఇసుకలో దిగబడింది. తెల్లారేసరికి మోటారు సైకిళ్ల మీద వచ్చి పట్టుకున్నారు. రెండు రాత్రులు చెట్టుకు కట్టేసి ఉంచారు, క్లీనరును ఆయన కళ్ల ముందే కొట్టారు. మూడో రోజు రెట్టింపు రాయించుకుని వదిలారు. ఇంత జరిగిందని ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, “దారి తప్పి లారీ ఇరికించుకున్నానని కోర్టులో చెప్పుకోవాలా?” అన్నారు. డ్రైవరుగా ఆయన పరువు ఆయనది!

బలవంతానికి మినహాయింపు ఇచ్చేటప్పుడు ఆ శాఖ చూసేవి ముఖ్యంగా ఐదు: తప్పించుకునే వీలుందా లేదా అందుకు ప్రయత్నించారా, జరిగిన లేదా బెదిరించిన హాని ఎంత తీవ్రమైనది, అది ఎవరి మీదికి వస్తుంది, ఎంత దగ్గరలో ఉంది, జరిగే అవకాశం ఎంత. ఆ ఒక్క రసీదు ఈ ఐదింటికీ జవాబు. తేదీ వాళ్లది, అంకె వాళ్లది, ముద్ర కూడా వాళ్లదే.

రెండో విచారణలో నేను భయం గురించి అడగనే లేదు. “రసీదు లేని లారీకి ఏమవుతుంది?” అని మాత్రం అడిగాను. తనకు తెలిసిన ముగ్గురు డ్రైవర్ల సంగతి ఒక్కొక్కటిగా, గొంతు పెంచకుండా చెప్పారు. ఒకరి లారీ దొరికింది, ఒకరి శవం దొరికింది, మూడోవారిది ఏదీ దొరకలేదు. ఆ తర్వాత ఆ రసీదు చూపించాను. సోమాలియా రోడ్ల మీద వసూళ్లను అధ్యయనం చేసిన నిపుణుడొకరు, పట్టణం ఎవరిదైనా రోడ్డు ఎవరిదో, జకాత్ అన్న మాట అక్కడ ఏ అర్థంలో నడుస్తుందో వివరించారు. ప్రభుత్వ న్యాయవాది ఈసారి రెండే ప్రశ్నలు అడిగి కూర్చున్నారు.

గెలుపులాంటి ఓటమి

నిషేధం వర్తిస్తుందని న్యాయమూర్తి తీర్పు ఇచ్చారు. చట్టం ప్రకారం వేరే దారి లేదు. ఆశ్రయం లేదు, దాని తర్వాతి మెట్టు రక్షణ కూడా లేదు. ఐక్యరాజ్యసమితి 1984 చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక కింద పంపివేతను నిలిపివేశారు. ఆ రక్షణకు ఈ నిషేధం అడ్డు రాదు. డ్రైవరును సోమాలియా పంపరు, పని చేసుకోవచ్చు. కానీ భార్యాబిడ్డలను తెచ్చుకునే హక్కు దానితో రాదు. పరిస్థితులు మారాయంటే ఆ నిలిపివేతను ఎత్తివేయవచ్చు కూడా.

అయితే తుది వాదనలో మేము ఒకటి గట్టిగా పట్టుపట్టాం. నిషేధమే లేకపోతే ఈయనకు ఆశ్రయం ఇచ్చేవారా లేదా అన్నది తీర్పులో విడిగా రాయమన్నాం. న్యాయమూర్తి రాశారు: ఇచ్చేవాడిని. మిగతా తీర్పు అంతా కలిపినా ఆ ఒక్క వాక్యానికి సాటిరాదు. మినహాయింపు పరిశీలించాలంటే నిషేధం ఒక్కటే అడ్డు అని తేలి ఉండాలి. వలస న్యాయమూర్తికి మినహాయింపు ఇచ్చే అధికారం లేదు, ఇచ్చే నిర్ణయం కోర్టులో జరగదు. ఆ రెంటికీ మధ్య వంతెన ఆ వాక్యమే.

ఆ తర్వాతిది ఈ కేసులో నన్ను నిద్రపోనివ్వని నిర్ణయం. అప్పీలుకు అప్పట్లో 30 రోజుల గడువు. అప్పీలు చేస్తే తీర్పు అంతిమం కాదు, అంతిమం కానిదే మినహాయింపు దారి తెరుచుకోదు. చేయకపోతే, ఆయన తల మీద అంతిమ పంపివేత ఉత్తర్వు ఉండిపోతుంది. మినహాయింపు ఇచ్చేదీ లేనిదీ పూర్తిగా శాఖ ఇష్టం. దానికి దరఖాస్తు ఫారం లేదు, విచారణ లేదు. బోర్డు ముందు మా వాదనలు రెండూ అప్పటికే ఓడిపోయాయి కాబట్టి, అప్పీలులో గెలుపు ఉందంటే పై కోర్టుకు వెళ్లిన తర్వాతే, అదీ ఎన్నేళ్లకో. లాభనష్టాలు కాగితం మీద రాసి, దుబాసీ చేత రెండుసార్లు చదివించి, వారం గడువు ఇచ్చాను. ఆయన రెండో రోజే ఫోను చేశారు. “పెద్ద రోడ్డు మూసేశారు, పక్కదారి ఉంది. ఈసారి ఇసుక లేదంటారా?” ఉందో లేదో చెప్పలేనని అన్నాను. సరే పదండి అన్నారు.

అప్పీలు చేయలేదు, ప్రభుత్వమూ చేయలేదు. ఫైలు మినహాయింపు పరిశీలనకు వెళ్లింది. రసీదులు, సాక్ష్యం, తీర్పులోని ఆ వాక్యంతో పాటు ఇంకొకటి జత చేశాను. 2011లో సోమాలియాలో కరువు ప్రకటించినప్పుడు, ఈ చట్టానికి భయపడి సహాయ సంస్థలు వెనకాడాయి. ఆ ఆగస్టులో అమెరికా ప్రభుత్వమే వారికి నిబంధనలు సడలించింది. అంటే, అల్-షబాబ్‌కు ఏదో ఒకటి ముట్టజెప్పకుండా ఆ రోడ్ల మీద తిండిగింజ కదలదని అప్పుడే ఒప్పుకున్నట్టు. మా డ్రైవరు తోలిన సరుకులో ఆ గింజలూ ఉన్నాయి. ధాన్యం పంపినవారికి ఇచ్చిన వెసులుబాటు తోలినవాడికి ఎందుకు వర్తించకూడదని అడిగాను. ఇది పనిచేసిందో లేదో నాకు తెలియదు, ఆ ఉత్తర్వులో కారణాలు రాయరు.

ఏడాది దాటాక మినహాయింపు వచ్చింది. ఇరుపక్షాలూ కలిసి కేసు తిరిగి తెరవమని కోరాం. చివరి విచారణ పది నిమిషాల్లో ముగిసింది, ఆశ్రయం వచ్చింది.

ఇప్పుడు పని చేసే తీరు

తర్వాతి కేసుల్లో నేను మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. డబ్బు చేతులు మారిందని తెలియగానే, కక్షిదారు సొంత భాషలో దానికి వాడిన మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటాను. అనువాదం తర్వాత. ప్రమాణ పత్రంలో భయం, ఒత్తిడి లాంటి నామవాచకాలు రాయను. ఇవ్వకపోతే ఏం జరిగేదో, ఇవ్వనివారికి ఏం జరిగిందో రాస్తాను. కక్షిదారు తనకు సిగ్గుచేటు అనుకుని దాటవేసిన సంగతి కోసం ప్రత్యేకంగా ఒక రోజు కేటాయిస్తాను. తప్పించుకోబోయి దొరికిపోవడం చాలామందికి అవమానంగానే మిగులుతుంది, ధైర్యంగా కాదు. ఓడిపోయే తీర్పులో కూడా మనకు కావలసిన వాక్యం ఏదో ముందే తేల్చుకుంటాను.

సొమ్ము స్వల్పమన్న వాదనను మాత్రం ఇప్పటికీ నమోదు చేస్తూనే ఉంటాను. అది మొండితనమని మా ఆఫీసులో కొందరు అంటారు.

ఆశ్రయం వచ్చాక భార్యాబిడ్డల కోసం అర్జీ పెట్టాం. వారికీ ఇదే నిషేధం వర్తిస్తుంది. నైరోబీలో ఇంటర్వ్యూకు ముందు ఆమెతో ఫోనులో మాట్లాడాను. ఊళ్లో ఉన్నప్పుడు మీ దగ్గర ఎవరైనా ఏమైనా తీసుకున్నారా అని అడిగాను. లేదన్నారు. కాసేపాగి, ఏటా జకాత్ కింద ఒక మేక మాత్రం ఇచ్చేవాళ్లమని అన్నారు. దుబాసీని ఆగమని, ఆమె వాడిన మాట ఏమిటో మళ్లీ చెప్పమన్నాను. రాసుకోవడానికి కొత్త కాగితం తీశాను.